పదహారు అంగుళాలు తక్కువైన పులి

ముంబై వెళ్ళి ఏం చూశావని అడిగిన వాళ్ళందరికీ ఒకటే జవాబు చెబుతున్నాను. పిల్లులు నలభై మూడు, పందికొక్కులు పందొమ్మిది, టీషర్టు వేసుకున్న మేక ఒకటి, పులి వీపు ఒకటి. సముద్రం చూడలేదు. సినిమావాళ్ళ ఇళ్ళు చూడలేదు. నాలుగు రోజులకు అంతకన్నా ఎక్కువ లెక్క తేలలేదు.

వెళ్ళేది కామాటిపురకని చెప్పగానే మా మక్తల్ బస్టాండులో టీ కొట్టతను ఒక రకంగా నవ్వాడు. ఆ పేరు వింటే మగవాళ్ళు నవ్వుతారు, ఆడవాళ్ళు నవ్వరు. అది మొదట మన పాలమూరు వైపు నుంచి రాళ్ళు మోయడానికి, గోడలు కట్టడానికి వెళ్ళిన కామాటీల బస్తీ అని చెప్పాను. అతను ఇంకా ఎక్కువ నవ్వాడు. చెప్పడం మానేసి టీ తాగాను.

నన్ను పిలిచింది మా బావ నర్సయ్య, మా అక్క సత్తెమ్మ మొగుడు. నలభై ఏళ్ళుగా ముంబైలో దుకాణాల బోర్డులు రాశాడు. ఫ్లెక్సులు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడొక బిల్డింగుకు వాచ్‌మన్. ఆయన చేతిలో మిగిలిన పని ఒక్కటే. గల్లీలో పోచమ్మ గుడి పక్క గోడ మీద పులి. మూడేళ్ళకోసారి, ఆషాఢం బోనాలకు ముందు, పాత పులిని గీకేసి కొత్తది వేస్తాడు.

ఈసారి బోనాల కమిటీ పెద్ద సాయినాథ్ పులి కూడా ఫ్లెక్సే పెడదామన్నాడట. బావ బతిమాలితే ఒక మాట ఇచ్చాడు: శనివారం సాయంత్రానికి గోడ మీద పులిలాంటి పులి ఉంటే సరే, లేకుంటే ఫ్లెక్సు.

"ఇది గూడ పోతే బ్రష్షులు మోరీల పడేస్త బామ్మర్దీ" అన్నాడు బావ ఫోన్లో. "నువ్వొచ్చి గళ్ళు కొట్టియ్యి."

నేను చదివింది ఏడో తరగతి. కానీ ఇల్లు కట్టేవాళ్ళకు ఇటుకలెన్ని, ఇసుకెంత, మెట్లు ఎన్ని వస్తాయి అని లెక్క వేసిస్తాను. చిన్న బొమ్మ మీద గళ్ళు గీసి, గోడ మీద అన్నే గళ్ళు పెద్దవిగా గీస్తే, ఏ గడిలో గీత ఆ గడిలో దింపుకోవచ్చు. అది నాకు వచ్చు. గోడ కొలత చెప్పమన్నాను. పద్నాలుగు జానల పొడుగు, ఎనిమిది జానల ఎత్తు అన్నాడు. జాన అంటే తొమ్మిది అంగుళాలు. పద్నాలుగు గళ్ళు అడ్డం, ఎనిమిది గళ్ళు నిలువు, నిలబడి గల్లీని గుడ్లురిమి చూసే పులి. కాగితం చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

గురువారం: జానలు

పొద్దున్నే గల్లీ మొదట్లో, నాకా అనే కూడలి దగ్గర, కూలికి నిలబడ్డవాళ్ళు యాభై మంది దాకా ఉన్నారు. నా సంచి మీద మక్తల్ బట్టల దుకాణం పేరు చూసి ఒకతను ఆగాడు.

"అన్నా, మన దిక్కు వానలు పడ్డయా?"

"మూడు పదునులైంది. పత్తి పెట్టిన్రు."

"ఇక్కడ జూడు, పడుడే పడుడు. పని లేదు" అన్నాడు ఆకాశం వైపు అది అక్కరకురాని చుట్టమన్నట్టు చూసి. అతనిది నారాయణపేట దగ్గర. నాకు చాయ్ ఇప్పించాడు. ఇక్కడ పది రూపాయలకు అర గ్లాసు చాయ్ ఇస్తారు. మా ఊళ్ళో అదే డబ్బుకు నిండు గ్లాసు. కానీ ఈ అర గ్లాసు తాగిన వాడు అరగంట పరిగెత్తగలడు, అంత అల్లం.

అక్క గది పది అడుగులు బై పన్నెండు. అందులోనే వంట, అందులోనే అటక, అటక మీదికి నిచ్చెన. ఐదుగురు మనుషులు, ఒక పిల్లి. పిల్లి లెక్కలో లేదని బావ అన్నాడు కానీ ఎక్కువ చోటు దానిదే. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టింది అక్క. తొక్కు అచ్చం మా అమ్మ చేసినట్టే ఉంది. రొట్టె మాత్రం పిండిలో మైదా ఏదో కలిసినట్టు మెత్తగా ఉంది. ఆ మాట అనలేదు.

తిని గోడ దగ్గరకు వెళ్ళాం. గోడకు ఎడమ కొసన పోచమ్మ చిన్న గుడి. మూడేళ్ళ కిందటి పులి వానకు సగం రాలిపోయింది. మిగిలిన మొహం చూసి నాకు ఎక్కడో చూసినట్టు అనిపించింది. అప్పుడే గొడుగు ముడుస్తూ సాయినాథ్ వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, ఫాక్‌లాండ్ రోడ్డు మీద మొబైల్ రిపేర్ దుకాణం. వాళ్ళ తాతది కూడా మన వైపే.

"ఏం చూస్తున్నవ్ మామా? అది పులి కాదు, పద్మక్క పిల్లి. నా బొంబిల్ చేపలు ఎత్తుకపోయిన పిల్లి. మొహం నాకు యాదుంది."

బావ కాదనలేదు. అసలు సంగతి అప్పుడు తెలిసింది. ఈయన నలభై ఏళ్ళలో పన్నెండు పులులు వేశాడు, ఒక్క పులినీ చూడలేదు. ఒంటి చారలు క్యాలెండర్ చూసి వేసేవాడు. మొహానికి మాత్రం గల్లీలో ఒక పిల్లిని పట్టి, ఎండు బొంబిల్ చేప ముక్క ఎదురుగా పెట్టి, అది తినేలోపు గీసేవాడు. గల్లీలో ముసలివాళ్ళు ఇప్పటికీ పులులను పిల్లుల పేర్లతో గుర్తు చేసుకుంటారు. ఫలానా ఏటి బోనాలప్పుడు కుంటిది ఉండె, ఆ మరుసటిసారి తెల్లది ఉండె, అని.

"ఈసారి పిల్లి నక్కో, వద్దు కాకా" అన్నాడు సాయినాథ్. ఫోన్ తీసి తన ఫ్లెక్సు చూపించాడు. పెద్ద పులి, నిజమైన పులి, మోకాళ్ళ లోతు మంచులో నడుస్తోంది. వెనక మంచు కొండలు, దేవదారు చెట్లు.

"పోచమ్మకు చలి పెట్టదా?" అన్నాను.

"హెచ్‌డీ ఉంది మామా. వానకు తడిసినా ఏం గాదు" అన్నాడు.

అతను వెళ్ళాక టేపు తీశాను. పొడుగు నూట ఇరవై ఆరు అంగుళాలు. సరిగ్గా పద్నాలుగు తొమ్మిదులు. బావ వైపు గర్వంగా చూశాను. ఎత్తు కొలిచాను. యాభై ఆరు. మళ్ళీ కొలిచాను. యాభై ఆరే. డెబ్భై రెండు ఉండాలి. పదహారు అంగుళాల గోడ ఎక్కడికో పోయింది.

"ఎత్తు ఎవరు కొలిచారు బావా?"

"నాకు మోకాళ్ళు గదా. మీ అక్క స్టూలెక్కింది."

అక్కను పిలిచి చెయ్యి చాపమన్నాను. బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా ఏడు అంగుళాలు. ఎనిమిది ఏడులు యాభై ఆరు. పొడుగు బావ జానల్లో, ఎత్తు అక్క జానల్లో చెప్పారన్నమాట. ఒక్కరి చెయ్యే అయితే ఎంత పొట్టి చెయ్యైనా ఏమీ కాదు, గళ్ళు చిన్నవై ఊరుకుంటాయి. మొగుడూ పెళ్ళాం తలా ఒక దిక్కు కొలిచారు.

"నువ్వడిగినవా ఎవరి చెయ్యి అని?" అంది అక్క. "ముప్పై ఏండ్ల సంది పర్దాలు, లంగాలు అన్నీ ఈ చెయ్యితోనే కొల్చిన. ఒక్కటి గూడ పొట్టిగ కాలే."

"అక్కా, పులి పొట్టిదైంది."

"అయితే చిన్నగ ఎయ్యుండ్రి."

లెక్క వేశాను. తొమ్మిది వంతుల్లో ఏడు వంతులకు కుదిస్తే పొడుగు తొంభై ఎనిమిది అంగుళాలకు దిగుతుంది, ఇరవై ఎనిమిది అంగుళాల గోడ ఖాళీగా మిగులుతుంది. కానీ అసలు గొడవ అది కాదు. పెద్ద పులినే పిల్లి అంటున్న సాయినాథ్ చిన్న పులిని ఏమంటాడు?

తగ్గించడానికి వీల్లేదు, కాళ్ళు కోయడానికి వీల్లేదు. ఎత్తు తక్కువ, పొడుగు ఎక్కువ. "పడుకోబెడదాం" అన్నాను.

బావ గోడను అరచేత్తో తడిమాడు. "పండుకున్న పులి ఎట్లుంటదో నాకు తెల్వదు. పిల్లి పండుకుంటే ముద్ద లెక్క అయితది. పులి గూడ గంతేనా?"

శుక్రవారం: యాభై రూపాయల వీపు

ముంబైలో పులిని చూడడానికి అడవికి వెళ్ళనక్కరలేదు. కామాటిపుర నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో బైకుల్లాలో రాణీబాగ్ ఉంది. టికెట్టు యాభై. నలభై ఏళ్ళుగా బావ ఆ గేటు ముందు నుంచే పనికి వెళ్ళాడు. ఒక్కసారీ లోపలికి ఎందుకు పోలేదని అడిగాను.

"పులులను నేనే ఏస్తుంటి. మళ్ళ చూసుడెందుకు?" అన్నాడు.

జనమంతా పెంగ్విన్ల దగ్గర ఉన్నారు. వాటికి ఏసీ గది. బయటి వాళ్ళకు ఉక్క. అద్దానికి మొహాలు ఆనించి చల్లదనాన్ని కళ్ళతో తాగుతున్నారు. మేం అక్కడ ఆగలేదు. బావ చంకలో కాగితాల అట్ట, చెవి వెనక పెన్సిలు.

పులి పడుకునే ఉంది. మా అదృష్టానికి సంతోషించాను. తర్వాత గమనించాను, అది మాకు వీపు చూపించి పడుకుంది. చెట్టు నీడలో, తల అవతలి వైపుకు తిప్పి.

అక్కడ బెంచీ మీద తొమ్మిది గజాల చీర కట్టిన ఒక మరాఠీ పెద్దావిడ, డబ్బా విప్పుకుని కూర్చుంది. మనవడికి పులి మొహం చూపిస్తానని మాటిచ్చిందట. వాడు విసిగిపోయి తల్లితో పెంగ్విన్ల దగ్గరకు పోయాడు. ఈవిడ మాత్రం కదలనంటోంది.

"కబ్ ఉఠేగా?" అని, ఎప్పుడు లేస్తుందని, అడిగాను నాకొచ్చిన హిందీలో.

ఆవిడ ఆ ఆవరణను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూపించింది. ముంబైలో ఇంత జాగా ఉన్నవాడు పడుకోక ఇంకేం చేస్తాడు, అంది. నిజమే. కంటి అంచనాకు మా అక్క గదులు నూరు పడతాయి అందులో. మా ఇద్దరికీ తలా రెండు కారం పూరీలు పెట్టింది. మొదటిది తిన్నాను. రెండోది నోటి దాకా తెచ్చేలోపు వెనక నుంచి గద్ద వచ్చి తన్నుకుపోయింది. వేలికి గీరుకుంది కూడా. టికెట్టు కొని చూడబోయిన జంతువు నిద్రపోయింది, టికెట్టు లేని జంతువు నా చేతిలోది తిన్నది. పెద్దావిడ పడి పడి నవ్వి ఇంకో పూరీ ఇచ్చింది.

గంటా యాభై నిమిషాలు కూర్చున్నాం. చేసే పని లేక లెక్కపెట్టాను. తోక ఆరుసార్లు కదిలింది. చెవులు ముప్పై ఏడుసార్లు, ఈగలకు. మొహం ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. కానీ చెవి విదిల్చినప్పుడల్లా బావ ముందుకు వంగుతున్నాడు.

"బామ్మర్దీ, చెవులెనక చూడు. తెల్లగ."

చూశాను. నల్లటి చెవుల వెనక, రెండు చెవులకూ చెరొక తెల్లటి మచ్చ, రూపాయి బిళ్ళంత. బావ లేచి నిలబడ్డాడు. ఎందుకో చెప్పులు విప్పాడు.

"నలభై ఏండ్లు. పన్నెండు పులులు. ఇర్వై నాలుగు చెవులు" అన్నాడు. "ఒక్కదానికి గూడ ఏయలేదు."

ముందు నుంచి చూస్తే అవి కనపడవు కదా, తప్పేమీ కాలేదని ఓదార్చాను. ఆయన వినలేదు. గీస్తున్నాడు.

శనివారం: మంచు కింద

పొద్దున బావ గోడ కోసం కాగితం మీద గీసిన పులిని చూసి నాకు భయమేసింది. పులి పడుకుంది, బాగుంది. పొడుగు సరిపోయింది. ఎత్తులో నాలుగు అంగుళాలు మిగిలాయి కూడా. కానీ తల గుడి వైపుకు తిరిగి ఉంది. గల్లీ వైపు కనిపిస్తున్నది వీపు, మెడ, రెండు చెవులు.

"బావా, మొహం?"

"చూసినమా?"

"నలభై ఏళ్ళు చూడకుండానే వేశావు కదా!"

"అప్పుడు చూడలే. ఇప్పుడు చూసిన. చూసింది ఇడిసిపెట్టి చూడంది ఎట్ల ఏస్త?"

గళ్ళు కొట్టడం నా పని, కొట్టాను.

పదకొండింటికి వాన మొదలైంది. కట్టిన నీలం ప్లాస్టిక్కు చిరిగి నీళ్ళు గోడ మీదికి కారసాగాయి. బావ తన చొక్కా విప్పి వీపు మీద కప్పుకుని, తను తడిసినా పులి తడవకుండా అడ్డం నిలబడ్డాడు. అక్క ఎటో పరిగెత్తి రెండు నిమిషాల్లో పెద్ద చుట్ట భుజాన వేసుకొచ్చింది. గుడి వెనక కమిటీ గదిలో దొరికిందట. నేనూ ఆమే కలిసి నాలుగు మూలలా తాళ్ళు కట్టాం. పైకి లేచాక చూస్తే మంచు కొండలు, దేవదారు చెట్లు. మంచు పులి బొమ్మ కిందికి చూసేలా కప్పయింది. కింద బావ నిశ్చింతగా చారలు దిద్దుతున్నాడు.

సాయంత్రం సాయినాథ్ ఇంకో ఇద్దరు కమిటీ వాళ్ళతో వచ్చాడు. మొదట పైకి చూశాడు.

"అరే! నా ఫ్లెక్సు!"

"తడిసినా ఏం గాదని నువ్వే అంటివి గద" అంది అక్క.

తర్వాత గోడను చూశాడు. ఒక అడుగు వెనక్కు వేశాడు. ఎందుకంటే అది పులి. ఆ భుజాల బరువు, నేలకు ఒరిగిన పొట్ట, సగం మడిచిన తోక. ఎవరి పిల్లీ కాదు. అది అతనికీ తెలిసింది. తెలిసినందుకే కోపం ఎక్కువైంది.

"గిదేంది కాకా? మొత్తం గల్లీకి వీపు చూపిస్తదా? భక్తులు ఏమనుకోవాలె?"

బావ బ్రష్షు తుడుచుకుంటున్నాడు. అక్కే అందుకుంది. "నువ్వు పోచమ్మకు మొక్కేటప్పుడు నీ వీపు ఎటుంటది సాయినాథ్?"

"నాదా? గల్లీ దిక్కు."

"మరి? నీకో న్యాయం, పులికో న్యాయమా?"

కమిటీ వాళ్ళలో ఒకడు నవ్వాడు. సాయినాథ్ నవ్వలేదు. అతని దగ్గర గట్టి మాటే ఉంది. ఇక్కడొక ఆచారం. పులికి కళ్ళు అన్నిటికన్నా చివర వేయాలి. బోనాల నాడు పొద్దున, వేసేవాడు ఉపవాసం ఉండి వేయాలి. కళ్ళు పడగానే కొబ్బరికాయ కొట్టాలి, అప్పుడే మొదటి బోనం దించాలి. తాతల నాటి నుంచి అంతే.

"దీనికి కండ్లే లేవు. కాయ ఎప్పుడు కొట్టాలె చెప్పు కాకా. చెప్తే ఉంచుత."

బావ బ్రష్షులు మూట కట్టాడు.

"రేపు పొద్దున వాన ఆగినంక ఫ్లెక్సు దించుత, ఇక్కడనే గట్టుత" అన్నాడు సాయినాథ్. అప్పటికప్పుడే దించేవాడు. కానీ దించితే పులి తడుస్తుంది, రంగు కారి అమ్మవారి గుడిలోకి పోతుంది. అతనికీ ఎటూ తోచలేదు.

ఆ సాయంత్రం బావ అన్నం తినలేదు. అలిగాడనుకున్నాను. "ఉపాసం" అంది అక్క.

ఆదివారం: బోనం

తొమ్మిదింటికి వాన సన్నబడింది. డప్పులు మొదలయ్యాయి. గల్లీ నిండా పసుపు, వేపాకు, తడి కుక్కలు. మా ఊళ్ళో బోనాలంటే పొలాల మధ్య నడిచి వెళ్తారు. ఇక్కడ ఒక పక్క టాక్సీ, ఒక పక్క కూరగాయల బండి, మధ్యలో తల మీద కుండతో ఆడవాళ్ళు. పోతరాజు ఫోన్లో మరాఠీలో ఎవరికో దారి చెబుతూ కొరడా ఝళిపిస్తున్నాడు. బోనాలు ఇరవై మూడు. మొట్టమొదటి బోనం సాయినాథ్ వాళ్ళ అమ్మది.

బావ స్నానం చేసి, తడి పంచెతో గోడ ముందుకు వచ్చాడు. చేతిలో సన్నటి బ్రష్షు, చిన్న సీసా మూతలో తెల్ల రంగు. సాయినాథ్ నిచ్చెన తెచ్చి ఫ్లెక్సు తాళ్ళ వైపు చూస్తున్నాడు. ఒక చేతిలో కొబ్బరికాయ కూడా ఉంది.

బావ ఎవరినీ చూడలేదు. ఎడమ చెవి వెనక ఒక మచ్చ పెట్టాడు. ఊపిరి బిగబట్టి కుడి చెవి వెనక ఇంకోటి. వెనక్కు వచ్చి నిలబడ్డాడు.

నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. ఉన్నదున్నట్టు చెబుతాను. నిద్రపోతున్న పులి తల వెనక నుంచి రెండు తెల్లటివి నన్ను చూశాయి. నేను పక్కకు జరిగాను. అప్పుడూ నన్నే చూశాయి.

"పడ్డయా కండ్లు?" అని వరసలోంచి ఒక ముసలావిడ కేక వేసింది.

"పడ్డయి" అన్నాడు బావ.

"అవి చెవులు!" అన్నాడు సాయినాథ్.

"అరే సాయీ!" వాళ్ళ అమ్మ గొంతు డప్పుల మీదుగా వచ్చింది. కుండ తొణకకుండా కళ్ళు మాత్రమే తిప్పి కొడుకును చూసింది. "నా మెడ ఇరుగుతుంది. అవి కండ్లో చెవులో ఇంటికాడ తేల్చుకో. కొడ్తవా, నన్నే కొట్టమంటవా?"

ఆమె వెనక ఇరవై రెండు మెడలు ఒకేసారి గొణిగాయి. సాయినాథ్ నిచ్చెనను చూశాడు, గోడను చూశాడు, అమ్మను చూశాడు. కొబ్బరికాయ కొట్టాడు. అది ఒక్క దెబ్బకే రెండు చెక్కలైంది. బోనం దిగింది. అక్క నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని గోడ మూలకు పోయి నిలబడింది.

బావ అరటిపండు తిని ఉపవాసం విడిచాడు. మధ్యాహ్నం దాకా జనం వస్తూనే ఉన్నారు. మొక్కేవాళ్ళు మొక్కి, పులి మొహం అవతల ఎక్కడైనా కనపడుతుందేమోనని గుడి పక్కకు తొంగి చూసి మరీ వెళ్ళారు. అలా తొంగిచూసినవాళ్ళు అరవై ఒక్క మంది. తర్వాత లెక్క మానేశాను, భోజనానికి పిలిచారు.

మేం తిని వచ్చేసరికి సాయినాథ్ ఒక్కడే గోడ ముందు నిలబడి ఉన్నాడు. చేతులు వెనక్కు కట్టుకుని, తల ఒక పక్కకు వంచి, ఆ చెవుల వైపు చూస్తున్నాడు. మమ్మల్ని చూసి గొంతు సవరించుకున్నాడు.

"కాకా."

"ఆఁ."

"వచ్చేసారి... మొహం జరా ఇటు తిప్పి ఏస్తవా?"

బావ గోడ దగ్గరకు వెళ్ళి, ఇంకా ఆరని తోక మీద వాలిన ఈగను చేతిలోని విసనకర్రతో మెల్లగా తోలాడు.

"అది లేస్తే ఏస్త" అన్నాడు.